రాబోయే ఖడ్గమృగానికి ఇల్లు, ఉన్న జోబాకు లారీ

మా ఇంటాయన ముప్పై ఒక్క ఏళ్ళు జంతువుల దగ్గర పని చేశాడు. ఊరికి దక్షిణాన, బస్సు దిగి ఇంకా చాలా దూరం నడవాల్సిన చోట, ఒక ట్రస్టువాళ్ళ చిన్న జూ ఉంది. అందులో జోబా అనే ఆడ ఖడ్గమృగాన్ని చూసుకోవడం ఆయన పని. జోబా అంటే బెంగాలీలో మందారం. పొద్దున దానికి గడ్డి, మధ్యాహ్నం దానికి నీళ్ళు, సాయంత్రం దాని పేడ, ఇంటికొచ్చాక దాని కబుర్లు. ఇన్నేళ్ళలో నా గురించి ఎవరి దగ్గరైనా అంతసేపు మాట్లాడాడా అంటే అనుమానమే.

పొద్దున్నే బొక్కెన అడుగు మీద రెండు దెబ్బలు వేసి, తన పేరు తనే చెప్పుకుని, ఫలానావాడు వచ్చాడే జోబా అని కేకేసేవాడు. అది మడుగులోంచి లేచి వచ్చేది. ఇంకెవరు పిలిచినా వచ్చేది కాదు. నేను ఆయన పేరు ఎన్నడూ నోటితో అనలేదు. రేషను కార్డు దగ్గర అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించేదాన్ని. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మా గల్లీ తెలుగువాళ్ళలో నా ఈడు ఆడవాళ్ళమంతా అంతే.

రెండేళ్ళ కిందట ఆఫీసువాళ్ళు పనివాళ్ళందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. భూమ్మీద లేకుండా పోయిన జంతువులను మళ్ళీ పుట్టిస్తే మన జూలో వాటికి ఏమేం కావాలో ఊహించి రాయమన్నారు. ఆయనకు సంతకం తప్ప రాదు. నేను సంత్రాగాఛిలో మా నాన్న రైల్వే క్వార్టరులో ఉండగా ఐదో తరగతి దాకా తెలుగు నేర్చుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిని కూర్చున్నాం.

"ఒళ్ళంతా బొచ్చున్న ఏనుగంట, మంచులో తిరిగీదంట. బొమ్మ ఏసినారు సూడు."

"జ్యేష్ఠ మాసంలో కలకత్తాలో ఏటవుద్ది మావా అది?"

"కంబళి కప్పుకోని ట్రాములో కూకున్నట్టుంటది. దానికి ఏసీ ఎడతారంట. మా డూటీ రూములో ఫేను తిరగదు గానీ!"

"ఇదేటి, బాతా?"

"గులాబీరంగు తలకాయ బాతు. ఇక్కడే, బెంగాల్లోనే ఉండీదంట."

"తినీసినారా?"

"తినీసినారు. ఇప్పుడు మల్లీ పుట్టిస్తారంట."

"మల్లీ తినీస్తారు."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన నవ్వడం మానేశాడు.

"రాయి. ఏ జంతువునన్నా తెండి బాబూ, ముందు దాన్ని పిలిసీ మనిసిని సూడండి. దానికి అమ్మ నేదు, అయ్య నేదు, తోటిది ఒక్కటీ నేదు. పుట్టిన కాడినించి ఒక్క గొంతే ఇనాల. ఆ గొంతు లేనినాడు అదేటి సేస్తాదో అదీ రాయండి."

ఆయన చెప్పినట్టే రాశాను. నాలుగు రోజులకు కాగితం తిరిగొచ్చింది. ఇంగ్లీషులోగాని బెంగాలీలోగాని ఉండాలట. మళ్ళీ రాయించడానికి మాకు ఎవరూ దొరకలేదు. అది నా ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది.

మొన్న భాద్రపదంలో ఆయనకు కామెర్లు ముదిరాయి. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. చివరి పూట నేను పాదాలు రాస్తుంటే కళ్ళు తెరిచి, "జోబా మేత తిన్నాదేటి?" అన్నాడు. తిన్నదన్నాను. నాకేం తెలుసు? ఆ పూటకి నేను తిని ఒకటిన్నర రోజైంది. ఆ సంగతి అడగలేదు. ఇప్పటికీ అది తలచుకుంటే ఏడుపు వచ్చేలోపల కోపం వస్తుంది.

ఆయన పోయిన పద్దెనిమిదో రోజు సత్యారావు వచ్చాడు. అదివరకు పక్షుల దగ్గర పని చేసేవాడు, ఇప్పుడు జోబా పని అతనికిచ్చారు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

"వొదినా, అది తినడం నేదు. మడుగులోంచి లెగడం నేదు."

"పిలిసినావా బాబూ?"

"పిలిసినాను. సత్యారావొచ్చాడే అన్నాను. సెవైనా ఆడించనేదు."

"నువ్వెవలవని ఆడిస్తాది? ఆయన పేరెట్టి పిలు."

సత్యారావు మా అత్తకేసి చూశాడు. మా అత్త అప్పమ్మకు ఎనభై దాటాయి. మంచం మీద నుంచే అరిచింది.

"నెల మాసికం అవకండా సచ్చినోడి పేరెట్టి కేకేస్తార్రా? ఎల్లిపోయీవోడు ఎనక్కి తిరుగుతాడు. అటూ కాడు, ఇటూ కాడు."

మా వాళ్ళలో ఆ భయం ఉంది. సత్యారావుకీ ఉంది. తల దించుకుని మిగతాది చెప్పాడు. సుందర్‌బన్ అడవిలో ఒకప్పుడు చిన్నరకం ఖడ్గమృగాలు ఉండేవట, నూరేళ్ళ కిందటే పోయాయట. వాటిని ఎక్కడో మళ్ళీ పుట్టిస్తారని, వస్తే పెట్టడానికి జోబా కొట్టం చోటే బాగుంటుందని, జూ ఆఫీసువాళ్ళు అనుకున్నారట. జోబా తినడం లేదు కాబట్టి ఇక్కడ వైద్యం కుదరదని శుక్రవారం లారీ ఎక్కించి ఉత్తర బెంగాల్ పంపేస్తారట.

"ఎక్కితే దిగదు వొదినా. డాక్టరుబాబే అన్నాడు. మందు కలిపిన మేత ఒక్కపూట తింటే సాలు, మందులయ్యేదాకా కదపకూడదని రాసిస్తానన్నాడు."

మంగళవారం వెళ్ళాను. గడప దగ్గర అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ముండమోసి నెల కానేదు. బయటికెల్తావేటే?"

"ఎల్తాను. నీ కొడుకు అప్పజెప్పిన పనే."

గేటు దగ్గర ఆఫీసుకెళ్ళమన్నారు. ఆఫీసులో బాబు నన్ను చూసి, పింఛను కాగితాల పనైతే పక్క కిటికీ దీదీ అన్నాడు. కాదు, ఖడ్గమృగం పని అన్నాను. ఏ ఖడ్గమృగం అని అడిగాడు. ఉన్నది ఒకటే కదా! ఆ బాబు బల్ల మీద రాబోయేదాని బొమ్మ ఉంది, దానికి చుట్టూ చెరువు, మొక్కలు, జల్లులా నీళ్ళు కురిసే గొట్టాలు. జోబా మడుగు పంపు ఆరు నెలలుగా చెడిపోయి ఉంటే మా ఇంటాయన బొక్కెనలతో మోశాడు.

బుధవారం పెద్ద మేడం ఉంటుందన్నారు. ఉంది, మీటింగులో. పొద్దున నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాను. లోపల్నుంచి చప్పట్లు వినబడ్డాయి. బయటికొచ్చి నా మాట సగం విని, బయటివాళ్ళను జంతువు దగ్గరికి పంపే రూలు లేదంది. నేను బయటిమనిషినట. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పేడ అంటిన బట్టలు ఉతికింది ఎవరని అడగాలనుకున్నాను. నాకు వచ్చిన బెంగాలీ బజారు బెంగాలీ. అంత కోపం అందులో పట్టలేదు.

గురువారం ఇంక ఎవరినీ అడగలేదు. అందరిలాగే టికెట్టు కొనుక్కుని లోపలికి పోయాను.

జోబా కొట్టం పక్కగోడంతా సుందర్‌బన్ ఖడ్గమృగం బొమ్మ వేశారు. బడిపిల్లలు దాని ముందు వరసకట్టి ఫోటోలు దిగుతున్నారు. వాళ్ళ వెనకే, ఇనుప కడ్డీలకు అవతల, నిజమైనది బురదలో పడి ఉంది. వెన్ను మీద ఎముక కనబడుతోంది. ఒక్క పిల్ల అటు తిరగలేదు.

సత్యారావు మేత తొట్టిలో అరటి ఆకులు, ఉడికించిన సెనగలు, బెల్లంలో కలిపిన మందు వేసి నిలబడ్డాడు. బొక్కెన నాకందించాడు.

"మాసికానికి ఇంకా తొమ్మిది రోజులుంది వొదినా. ఆలోసించుకో."

"అప్పటికి ఇది ఉంటాదా?"

మేత తొట్టిని కడ్డీల దగ్గరికి జరిపాడు.

బొక్కెన అడుగు మీద రెండు దెబ్బలు వేశాను. జోబా అన్నాను. ఏమీ లేదు. నోరు తెరిచి మళ్ళీ మూశాను. నాలుక తిరగలేదు, ఆ మాట నా నోటికి అలవాటు లేదు. ఎవరి మీద కోపమో తెలియదు. బొమ్మ మీద, మేడం మీద, పోతూ పోతూ నన్ను కాక దీన్ని అడిగినవాడి మీద. ఆ కోపంతోనే అరిచాను.

"కూర్మయ్యొచ్చాడే! జోబా, కూర్మయ్యొచ్చాడు!"

చెవులు రెండూ ఇటు తిరిగాయి. అంత పెద్ద ఒళ్ళు ముందుకాళ్ళ మీద లేచింది, మళ్ళీ జారింది, మళ్ళీ లేచింది. ఇంకోసారి అరిచాను. బురద కారుతూ కడ్డీల దాకా వచ్చింది. పిల్లలు అప్పుడు తిరిగి చూశారు. నా చేతిని వాసన చూసింది. బొక్కెనను వాసన చూసింది. తర్వాత తల ఎత్తి నన్ను దాటి, ఆయన రోజూ వచ్చే దారికేసి చాలాసేపు చూసింది.

అప్పుడు తొట్టిలో మూతి పెట్టింది. సగమే తిన్నది. మందున్న సగమది. సత్యారావు ముఖం తుడుచుకుంటూ డాక్టరుబాబు కోసం పరిగెత్తాడు. సాయంత్రానికి కాగితం రాసిచ్చారు, లారీ ఆగింది. ఎన్నాళ్ళకో రాయలేదు.

అది అలా చూడటం నాకు నచ్చలేదు. రాబోయేది కూడా వచ్చీరాగానే అలాగే తల ఎత్తి చూస్తుంది. తనలాంటిది ఇంకొకటి వస్తుందేమోనని. అప్పుడు ఏ కిటికీకి పంపుతారో దాన్ని.

రోజూ నేను టికెట్టు కొనుక్కుని పోలేను. "నువ్వే పిలు బాబూ. నేను పిలిసినాను గదా, ఏటవుద్దో నాకే అవనీ" అని సత్యారావుతో గట్టిగా చెప్పాను. మర్నాడు పొద్దున ఏడింటికి ఫోను చేశాడు.

"పిలుస్తన్నాను వొదినా. భయంగుంది. నువ్వు ఫోనులో ఇంటా ఉండు."

నా పాత ఫోను చిన్నగా వినబడదు. అరిచినట్టే వినబడుతుంది. బొక్కెన మీద రెండు దెబ్బలు. ఆ తర్వాత మగగొంతు, గదంతా.

"కూర్మయ్యొచ్చాడే!"

మంచం మీద అత్త దిగ్గున లేచి కూర్చుంది. కళ్ళు సరిగా కనబడని మనిషి, రెండు చేతులూ మంచం పట్టెమీద ఆనించి, మెడ సాచి గుమ్మంకేసి చూసింది.

"కాళ్ళకి నీళ్ళియ్యే," అంది నాతో.

అవతల జోబా బుసకొడుతూ వస్తున్న చప్పుడు. సత్యారావు ఏదో చెబుతున్నాడు. నేను ఫోను కట్టేసి, చెంబు తీసుకోవాలా వద్దా తెలియక అక్కడే నిలబడ్డాను.