తుపాకీకి కుట్టిన సంచి

నసీమ్ ఠాణా వరండాలో తెల్ల గుడ్డ పరిచి, తుపాకీని ముట్టుకోకుండా దాని పక్కనే జానలు వేసి కొలిచింది. ఐదు జానల నాలుగు వేళ్లు. కుట్టుకు ఇంకో రెండు వేళ్లు వదిలి గుడ్డ కత్తిరించింది. ఆర్మూర్ పసుపు యార్డులో ఇరవై రెండేళ్లుగా బస్తాల మూతులు కుడుతున్న చేతులవి. ఎంత కడిగినా గోళ్ల సందుల్లోంచి పసుపు పోదు. కేసుల్లో పట్టుకున్న పొడుగాటి వస్తువులను కోర్టుకు పంపాల్సి వస్తే ఠాణా వాళ్లు ఆమెనే పిలుస్తారు.

తుపాకీ కమీషన్ వ్యాపారి నడిపయ్యది. మక్కజొన్న చేనును అడవి పందుల నుంచి కాపాడుకుంటానని లైసెన్సు తీసుకున్నాడు. రెండు నెలల కింద కొడుకు పెళ్లి బరాత్‌లో తాగి, జీపు మీద నిలబడి పేల్చాడు. రెండుసార్లు పైకి పేలింది. మూడోసారి చెయ్యి జారింది. రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న స్వర్ణలత కుడి కన్ను పోయింది.

స్వర్ణలత, నసీమ్ యార్డులో ఎదురెదురుగా కూర్చుని కుట్టే జోడీ. నడిపయ్య దవాఖానకు ఆపిల్ పండ్లు తెచ్చి, “ఖుషీల జరిగింది, మనసుల పెట్టుకోకు” అన్నాడు. పోలీసులకు మాత్రం తను పేల్చనే లేదనీ, తన తుపాకీ ఎప్పుడో పోయిందనీ చెప్పాడు. ఈ పొద్దున అది అతని గోదాములోనే దొరికింది, పసుపు బస్తాల వెనక.

ఇప్పుడు రోజూ పని మొదలయ్యే ముందు నసీమ్ ఐదు దబ్బనాలకు సుతిలి దారం ఎక్కించి స్వర్ణలత కొంగుకు గుచ్చిపెడుతుంది. స్వర్ణలత తానే ఎక్కించబోతే సుతిలి దబ్బనం పక్కనుంచి పోతోంది. అది చూసిన ప్రతిసారీ నడిపయ్యను జైలు గేటు లోపల చూడాలని నసీమ్‌కు పళ్లు బిగుసుకుంటాయి.

రోడ్డు మీద దొరికిన ఖాళీ తూటాల అడుగున తుపాకీ లోపలి సూది కొట్టిన గుర్తు ఉందని కానిస్టేబుల్ సౌమ్య చెప్పింది. ఆ గుర్తు ఈ తుపాకీదేనని హైదరాబాద్ ల్యాబ్ తేలిస్తే నడిపయ్య తప్పించుకోలేడు. దారిలో ఎవరైనా సూది మార్చేస్తే తప్పించుకుంటాడు. మార్చకుండా ఆపేది ఈ సంచే.

సౌమ్య నాలుగడుగుల అవతల బల్ల మీద పంచనామా రాస్తోంది. ఆమె పక్కన ఇద్దరు సాక్షులు. నడిపయ్య బామ్మర్ది గంగాదాస్ వచ్చి నసీమ్ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“నసీమ్ బీ, మూతికాడ జర వదులుగా కుట్టు. గంతే.”

“ఎందుకు సేటు? తుపాకీకి ఉక్కపోస్తదా?”

గంగాదాస్ నవ్వలేదు. “పందులు చేన్ల పడితే తెలుస్తది నీకు. తుపాకులన్ని గుంజుకపోతే రైతు చప్పట్లు కొట్టి ఎల్లగొట్టాల్నా?”

“నా తమ్ముని చేను భీమ్‌గల్ గుట్టకిందనే ఉన్నది. పందుల బాధ నాకు తెల్వదా? చేన్ల తుపాకి చేన్లనే ఉండాలె. బరాత్‌ల పందులు యాడికెళ్లి వచ్చినయి? మీ బావ జీపుల ఎక్కిచ్చుకొచ్చిండా?”

సాక్షుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. గంగాదాస్ గొంతు తగ్గించాడు.

“స్వర్ణలత నీ జోడీ అని యార్డంత ఎరుకే. రేపు కోర్టుల వకీలు గదే అడుగుతడు. పగతోని నువ్వే ఏమన్న చేసినవంటడు. నీకెందుకు గీ లొల్లి?”

నసీమ్ చెయ్యి ఆగింది. పగ ఉన్న మాట నిజం. వకీలు అడుగుతాడన్నదీ నిజమే. ఆమె తల ఎత్తి గట్టిగా పిలిచింది.

“మేడం! స్వర్ణలత నా జోడీ. గది ముందుగాల రాసుకోండ్రి. గంగాదాస్ సేటు మూతికాడ వదులుగా కుట్టుమంటున్నడు. గది గూడ రాయండ్రి. సాక్షులిద్దరు గీడికొచ్చి నిలవడి నా చేతులే చూడాలె.”

సౌమ్య కలం ఎత్తింది. “ఏమని రాయాలె సేటు? నీ మాటల్లనే చెప్పు.”

“మజాక్ చేసిన మేడం.”

“మజాకని గూడ రాస్త. సంతకం పెట్టి పో.”

గంగాదాస్ సంతకం పెడుతుంటే నసీమ్ అతని ముఖాన్నే చూసింది. రెండు నెలల్లో మొదటిసారి ఆమెకు కొంచెం హాయిగా అనిపించింది.

సంచి అంచులను లోపలివైపు రెండు వరసలు కుట్టి తిరగేసింది. సౌమ్య గ్లవ్స్ తొడుక్కుని తుపాకీని అందులో పెట్టింది. ఇక మూతి మిగిలింది. పసుపు బస్తాకైతే వేలెడు దూరానికొక కుట్టు చాలు. దీనికి నసీమ్ బియ్యపు గింజంత దూరానికొకటి వేసింది. ప్రతి కుట్టుకూ ఒకసారి వెనక్కి గుచ్చి దారం లాగింది. లాగినప్పుడల్లా ఆ ఆపిల్ పండ్లు గుర్తొచ్చాయి. ఇంకొంచెం బిగించింది. ఎక్కడా అతుకు లేకుండా ఒకే దారంతో వెళ్లి, తిరిగి మొదలుపెట్టిన మూలకే వచ్చి, రెండు కొసలనూ కలిపి ముడి వేసింది.

సౌమ్య ముడి మీద వేడి లక్క పోసి ముద్ర కొట్టింది. సాక్షులు సంతకాలు చేశారు. లక్క ఆరేదాకా ఎవరూ కదల్లేదు. నసీమ్ కుట్టు పొడవునా గోరు దూర్చి చూసింది. ఎక్కడా దూరలేదు.

“ఇప్పాలంటే కొయ్యాల్సిందే మేడం. కోస్తే కనవడ్తది.”

రెండు చేతులతో సంచి ఎత్తి సౌమ్యకు అప్పజెప్పింది.