ఏరకుండా వదిలిన తట్ట

మా వదిన పోయిందని పోయిన మంగళవారం బడికి కబురొచ్చింది. నేను పిల్లలకు మట్టిపని నేర్పే మాస్టర్ని. ఆ విద్య నాకు నేర్పింది ఆమే.

మర్రిగూడ దిక్కున మా ఊళ్లో కుమ్మరి సారె తిప్పేది అన్న. మట్టి సంగతంతా వదినది. చెరువు నల్లమట్టికి ఎర్రమట్టి ఎంత, జల్లించిన ఇసుక ఎంత అన్నది ఆమె చేతికే తెలుసు. చిటికెడు మట్టి నాలుక మీద వేసుకొని, చవుడు తగిలితే ఉమ్మేసేది. తొక్కిన మట్టిని తాడులా పేని వేలికి చుట్టేది. అది పగిలితే, "దీనికింక దప్పిక తీరలే" అని నీళ్లు చిలకరించేది. నాకు ఉద్యోగం రాకముందే "సారూ" అని ఎక్కిరించేది. "మట్టికి తొందర లేదు సారూ, నీకే ఉన్నది" అనేది.

ఆ తొందరే కొంప ముంచింది. ఊళ్లో ఒక పెళ్లికి ఐరేని కుండలు చేయాలి. పందిట్లో పెట్టే ఆ రంగుల కుండలు మా ఇంటి నుంచే మేళంతో వెళ్లేవి. ఆ రోజు వదినకు కొత్త చీర పెట్టేవారు. మట్టిలో సున్నపురాళ్లు ఏరడం నా వంతు. కందిగింజంత రాయి మిగిలినా, కుండ కాలిన తర్వాత చెమ్మకు ఉబ్బి పెచ్చు లేపుతుంది. చివరి తట్ట నేను ఏరలేదు.

"అన్నీ ఏరినవా?" అని అడిగింది.

"ఏరిన వదినా" అన్నాను.

పెళ్లి పందిట్లో, అందరి ముందూ, కుండలు పెచ్చులూడాయి. పెద్దమనుషులు ఇంటి మీదికి వచ్చారు. నేను నోరు తెరవలేదు. వదిన కొంగు నిండా కప్పుకొని, "మట్టి కలిపింది నేనే. తప్పు నాదే అయ్యా" అన్నది. అపశకునమని, అప్పటి నుంచి ఊరివాళ్లు పెళ్లికుండలు పక్క ఊరి నుంచే తెచ్చుకున్నారు. మేళం మళ్లీ మా గడపకు రాలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మట్టి ఏరే పని మాత్రం మళ్లీ చెప్పలేదు. నిజం చెప్పి కాళ్లు పట్టుకోవాలని ఏళ్ల తరబడి అనుకున్నాను. పిరికివాణ్ణి, చెప్పలేకపోయాను.

ఆమె మంచం పట్టాక సారె ఆగింది. ఆమెను సాగనంపడానికి ఇంట్లో ఒక్క కొత్త కుండ లేదు. "జర నువ్వే పోయి తే తమ్మీ" అన్నాడు అన్న. పక్క ఊరి కుమ్మరామె నన్ను గుర్తుపట్టి, "మీది కుమ్మరిల్లే గదా అన్నా, కుండ కోసం మా తాన్కి వచ్చినవేంది?" అన్నది. డబ్బులిచ్చి కుండ ఎత్తుకొని వచ్చాను.

అన్న ఆ కుండ భుజాన పెట్టుకొని చితి చుట్టూ తిరిగాడు. కుండకు పొడిచిన చిల్లుల్లోంచి నీళ్లు కారి వీపంతా తడిసింది. ఆ నీళ్లు పారి నా కాళ్ల దాకా వస్తే, నేను వెనక్కి జరిగాను.