మగ్గం ఆగిన పేజీలు

ఫలానా పుస్తకం బాగుందా అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ నీళ్లు నమలడమే. చదివేటప్పుడు కళ్లు తుడుచుకుంటాను, మూసేశాక ఎందుకు ఏడ్చానా అని నామీద నాకే చిరాకు వస్తుంది. ఈ అయోమయం నాకు అత్తగారింట్లో పట్టుకుంది.

తొంభైల చివర్లో హిందూపురం నుంచి ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలిగా వచ్చాను. మాదీ నేతవాళ్ల ఇల్లే గానీ, మా నాయన మగ్గం వదిలేసి చింతపండు మండీలో గుమాస్తాగా చేరడంతో నాకు ఆ పని రాలేదు. అత్త కండెలు చుట్టమని పట్టుదారం ఇస్తే, నా చేతిలో పడగానే తెగేది. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం రాట్నం తన వైపు లాక్కుంది.

"నీ చేతికి పట్టు పనికిరాదు గానీ, సదువుకుంటివి కదా. నీ పెట్టెలో ఉండే పుస్తకమేదో పైకి సదువు, ఇంటాము" అంది.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఆ ఇంట్లో నా పని అదే. అత్త కండెలు చుట్టేది. మామ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, మాకు వీపు చూపిస్తూ నేసేవాడు. కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. నేను పక్కనే ఉన్నా "ఆ పిల్లను నీళ్లు తెమ్మను" అని అత్తకే చెప్పేవాడు. మా ఆయన పొద్దున బట్టల కొట్టుకు పోతే సాయంత్రానికి గానీ వచ్చేవాడు కాదు కాబట్టి ఈ గొడవలేవీ ఆయనకు తెలియవు.

పుస్తకాలు కొన్ని బస్టాండు దగ్గర అద్దెకు తెచ్చేదాన్ని, ఎక్కువ మా అక్క ఇచ్చేది. అక్క పెనుకొండలో టీచరు. నేను పుట్టింటి నుంచి తిరిగి వచ్చేటప్పుడు, పెనుకొండ ప్లాట్‌ఫారం మీద నిలబడి రైలు కిటికీలోంచి పుస్తకాల సంచి అందించేది. పాత సంచి తీసుకుంటూ "ఎట్లుండాయే?" అని అడిగేది. రైలు కదిలేలోపు నేను జవాబు చెప్పాలి. పరీక్ష హాల్లో కూడా నాకు అంత చెమట పట్టలేదు.

నా అభిప్రాయాలు ఒక కొలిక్కి వచ్చేవి కావు. అప్పట్లో అందరూ ఎగబడి చదివిన ఒక నవలలో కథానాయిక అందరి మాటలూ పడుతూ నోరు మెదపదు. ఒక్కసారి నోరు తెరిచి జరిగింది చెప్పి ఉంటే పుస్తకం మొదట్లోనే అయిపోయేది కదా అని నాకు ఒళ్లు మండింది. అయినా తెల్లారి లేవగానే ఆమెకు ఏమయిందోనని మళ్లీ తెరిచాను. ఒక మంత్రాల నవల విన్నాక అత్త నిమ్మకాయ కోయడానికి కూడా జంకింది. చివర్లో డాక్టరొచ్చి అదంతా మనసు జబ్బని తేల్చేశాడు గానీ, గుమ్మం ముందు నిమ్మకాయలు ఎవరు పెట్టారో చెప్పలేదు. రాసినాయన మంత్రాలను నమ్ముతాడో నమ్మడో నాకు నేటికీ తెలియదు. తర్వాత జీవితంలో పైకి రావడం ఎలా అనే పుస్తకాల గాలి వీచింది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను గెలుస్తాను" అనుకోవాలట.

"ఎవురి మీద?" అని అడిగింది అత్త. అది ఆ పుస్తకంలో లేదు.

అత్త నోటికి అడ్డులేదు కాబట్టి ఆమెకు నచ్చిందీ నచ్చనిదీ తెలిసిపోయేది. మామది ఎట్లా తెలుస్తుంది? మగ్గం చప్పుడు ఒక్కటే నాకు ఆధారం. అది ఆగిందంటే కథ ఆయన్ను పట్టేసిందని లెక్కేసుకున్నాను. ఒకసారి కథానాయిక విషం తాగినప్పుడు మగ్గం ఆగలేదు. ఆమె అన్నయ్య రైల్వే క్యాంటీన్లో టీ తాగుతుంటే ఆగింది. ఆ పేజీలో నాకు కనబడని గొప్పతనం ఏముందా అని మళ్లీ మళ్లీ చదివి, అక్కకు అదే చెప్పాను.

"టీ తాగే చోటు చానా బాగుందక్కా."

"విషం తాగింది వదిలేసి, టీ తాగింది బాగుందా?" అని అక్క కిటికీ చువ్వలు పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

ఇంటికొచ్చి అత్తను అడిగితే, "పోగు తెగిందే. అతుక్కుంటాండె" అంది. అంటే ఇన్నాళ్లూ ఏది కథకు ఆగిందో, ఏది పోగుకు ఆగిందో! నా ఆధారం కాస్తా పోయింది.

రెండేళ్లు గడిచాక అక్క ఒక పుస్తకం ఇచ్చి, "ఇది సదివి ఏడవకపోతే నువ్వు మనిషివే కాదు" అంది. తనకిష్టమైనవాణ్ణి చేసుకుందని ఒక తండ్రి కూతుర్ని ఇంట్లోంచి గెంటేస్తాడు. బయట జోరున వాన. నవలల్లో వాన ఎప్పుడూ ఎవరినో గెంటేసే దాకా కాచుకుని ఉంటుంది. అట్లా విసుక్కుంటూనే ఏడ్చాను. మగ్గం మాత్రం ఆగలేదు సరికదా, దెబ్బ మీద దెబ్బగా నా గొంతు వినబడనంత గట్టిగా మోగింది. మామకు ఇది బొత్తిగా గిట్టలేదు, నన్ను ఆపమనడానికే ఇట్లా కొడుతున్నాడు అనుకుని పుస్తకం మూసేశాను.

మర్నాడే అమ్మకు కాలు బెణికిందని కబురొస్తే హిందూపురం పోయి వారం పైనే ఉన్నాను. మిగతా కథ అక్కడ నా మటుకు నేను చదువుకున్నాను. కూతురికి జ్వరం వస్తుంది, తండ్రి పరుగెత్తుకొస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండలో అక్క అడిగితే "మామకు నచ్చలేదక్కా" అన్నాను. "నీకో?" అంది. రైలు కదిలింది, బతికిపోయాను. ఆ హడావిడిలో పాత సంచి ఇవ్వడం మరిచి, ఆ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. ధర్మవరంలో ఆ పుస్తకం సంచి అడుగుకు తోసి వేరేది మొదలుపెట్టాను.

ఆ రోజుల్లో మామ నేస్తున్న చీర మగ్గం దిగాక, నేయించుకునే షావుకారు దాన్ని వెనక్కి తెచ్చాడు. వాకిట్లో వెలుతురుకు పట్టి చూపించాడు.

"ఏమప్పా, నీ చేతి చీరేనా ఇది? ఈడ చూడు, అట్ట మాదిరి బిగుసుకోని ఉండాది. ఈ పక్కన జల్లెడ మాదిరి ఉండాది."

నిజమే. చీరకు అడ్డంగా ఒక బిగుతు చార, దాని పక్కనే వెడల్పుగా ఒక పల్చటి చార. మామ చీర అందుకున్నాడు. షావుకారు వెళ్లగానే అత్త నావైపు తిరిగింది.

"ఇంక సాలు. ఈ కతలింటా చెయ్యి కుదురు తప్పుతాండాది. ఆ పుస్తకాలన్నీ మీ అక్కకు ఇచ్చేయ్."

కండె చుట్టడం రాని కోడలికి ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చోటు ఆ చదువు. అది కూడా పోతే మధ్యాహ్నాలు నేను ఏ మూల కూర్చోవాలి? వంటింట్లోకి పోయి ఏడవాలనిపించింది, అదీ చేతకాక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

మామ చీర ఒళ్లో పరుచుకుని బిగుతు చార మీద వేలు పెట్టాడు. "ఇది వాడు బిడ్డను వానలోకి నూకిండేది" అని అత్తతో అన్నాడు. "వాడూ ఒక తండ్రేనా! చేతికి దొరికింటే చెప్తాంటి. దొరకలేదు, దెబ్బంతా పేక దారం మీద పడింది."

ఆయనకు గిట్టలేదని నేను మూసేసిన పుస్తకం అది. నాకే నచ్చిందో లేదో తేలని కథకు ఈయన ఇంత కోపం తెచ్చుకున్నాడా? మరి పల్చటి చార ఏ పుస్తకానిదో ఎంత తలచుకున్నా తట్టలేదు. ఆ జల్లెడ పాపం కూడా నా పుస్తకాలదేనేమోనన్న భయంతో, మామ ఉన్నాడన్నది కూడా మరిచి అడిగేశాను.

"అత్తా, ఈ పల్చటిది ఏ కత?"

మామ తల తిప్పి మొదటిసారి నా ముఖం చూసి మాట్లాడాడు.

"కత యాడిదమ్మా? నువ్వు హిందూపురం పోయింటివి కదా. అవి ఆ దినాలు."

అని మళ్లీ గుంటలోకి దిగాడు. అత్త ఆయన్నొకసారి, నన్నొకసారి చూసింది. అక్కకు ఇచ్చేయమన్న సంచి దగ్గరికి తనే పోయి, అడుగునున్న పుస్తకం పైకి తీసి నా చేతిలో పెట్టింది.

"సదువు. ఆ బిడ్డ ఇంకా వానలోనే ఉండాది."