కట్టెలకు తాపిన నీళ్ళు

మే నెలాఖరున, గుమ్మఘట్ట దాటిన తర్వాత ట్రక్కు ఆగింది. మధ్యాహ్నం రెండు. ఎర్ర మట్టి, నల్ల బండలు, చెట్టన్నది లేదు. నా వెంట ఒక ట్రంకు, ఒక నీళ్ళ సీసా, ఇంజనీర్ల దళంలో కెప్టెన్ హోదా. ఆడదానికి పటాలంలో ఏం పని అని పెళ్ళిళ్ళలో అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టే ఇది రాస్తున్నాను. వానలు వరసగా ఎగ్గొట్టిన ఆ ఏళ్ళలో నాకిచ్చిన పని, కాల్పుల మైదానం పక్కన నాలుగు కాళ్ళ కాపలా మంచె కట్టించడం.

కాళ్ళకు నీలగిరి గుంజలు. చెదలు పట్టకుండా మందు ఎక్కించి కాంట్రాక్టరు మేస్త్రీ తెచ్చాడు. తెచ్చి, చెనక్కాయలు ఆరబోసినట్టు బండ మీద పరిచాడు. పొద్దున్నే తిరగేస్తున్నాడు కూడా!

“తట్టి సూడు మేడమ్, గంట మాదిరి మోగుతాండాది. మా ఎండకి ఆరనిదేముండాది?”

“మోగితే ఏం లాభమప్పా? దాని మీద మనిషి నిలబడాల.”

అతని నవ్వు మీదే నాకు నమ్మకం లేదు, ఇక గుంజల మీదా? మా నాయన ధర్మవరంలో పట్టుకు రంగులద్దేవాడు. రంగు నిలిచిందా లేదా అని తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూసేవాడు. నేనూ రుద్దాను. మందు రంగు అంటుకుని గుడ్డ ఆకుపచ్చగా మారింది. మందు కట్టెలో కుదురుకోవాలంటే గుంజ వారాల తరబడి తడిగా, నీడలో ఉండాలి. ఎండలో పడేస్తే పగుళ్ళిస్తుంది, మందు పైపైనే మిగిలి తొలి వానకు కారిపోతుంది. ఆ మందు విషం.

రేడియోలో కమాండర్‌కి చెప్పాను. “గుంజలు రంగు వదులుతున్నాయి సర్. ఓవర్.”

“మనం చీర కొనడం లేదు కెప్టెన్. వానలకు ముందే మంచె లేవాలి. ఓవర్.”

వాదించి వాదించి రెండు కాళ్ళకు గడువు సంపాదించాను. మిగతా రెండూ ఎండబెట్టిన గుంజలతోనే లేచాయి. కొత్తగా మందెక్కించిన రెంటిని గుడారం నీడలో పెట్టించి, తడి గోనెలు చుట్టించాను. మా నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడ్డ ఊరి మనిషి, గొర్రెలు మేపుకునే ఓబుళమ్మ, అది చూసింది.

“ఏమ్మా, మాకు తాగనీకే లేకపోతే నువ్వు కట్టెలకి తాపుతాండావా?”

ఆ సాయంత్రమే జవాన్లకు హుకుం ఇచ్చాను. మరుసటి పొద్దు నుంచి జవాన్లు ఆ గుంజల పైన బల్ల వేసుకుని, దాని మీదే స్నానం. సబ్బు బంద్. గోనెలు తడపడానికి ఆ నీళ్ళే, అలా మిగిలినవి ఊరికి.

“కట్టెకి వీపు కూడా రుద్దాలా మేడమ్?” అన్నాడు హవల్దారు.

“అడిగితే రుద్దు.”

నాలుగు కాళ్ళూ లేచాక వాన పడింది. ఊరు ఊరంతా బయటికొచ్చింది. నేను మంచె దగ్గరికి పరిగెత్తాను. నా గుంజలు రెంటి మీదా నీళ్ళు తేటగా కారుతున్నాయి. ఎండబెట్టిన రెంటి మీదా ఆకుపచ్చగా. ఒక ఆకుపచ్చ కాలి కింద బిందె నిండుతోంది. ఓబుళమ్మ దోసిలి పట్టబోతోంది. బిందెను బూటుతో తన్నాను.

“తాగొద్దు! విషం!”

“నీ కట్టెలకైతే నీళ్ళు, మాకైతే విషమా?”

ఎంత చెప్పినా నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు.

ఎండిన కాళ్ళను రెండో ఏడాదే చెదలు తిన్నాయి, మార్చారు. నావి నేను బదిలీ అయ్యేదాకా చెక్కుచెదరలేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటూనే ఇంటికి తిరిగొచ్చాను. కానీ ఎప్పుడు వాన పడినా కళ్ళ ముందుకు వచ్చేది మంచె కాదు. వానలో మోకాళ్ళ మీద కూలబడి, ఎర్ర నేల తాగేస్తున్న ఆ బిందె నీళ్ళను రెండు చేతులా అడ్డం పెట్టి ఆపబోతున్న ఓబుళమ్మ.