అమ్మ వంతు నేను తిన్న నెల

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు, పిల్లి ఎదురొస్తే పులి అంటాను, కాబట్టి ఇందులో వచ్చే ప్రతి కొలతనూ సగానికి కోసుకొని చదవండి. మొన్న నాచారంలో ఒక కర్రీ పాయింట్ ముందు నుంచి పోతుంటే, పల్లీలూ నువ్వులూ వేసిన సర్వపిండి గిన్నె అడుగున ఎర్రగా కాలుతున్న వాసన నన్ను ఎనభైల చివర్లోని ఒక ఎండాకాలంలోకి, మా రెండు గదుల రేకుల ఇంట్లోకి లాక్కుపోయింది.

అప్పుడు అమ్మకు తొమ్మిదో నెల. ఆమె బిందెతో నల్లా దగ్గరికి బయలుదేరితే పొట్ట ముందే చేరి వరుసలో చోటు పట్టేది. ఉప్పల్ బస్సులో కండక్టర్ రెండు టికెట్లు కొట్టాలా అని ఆలోచనలో పడేవాడు. మల్లాపూర్ కార్ఖానాలో లేతు మిషన్ మీద టర్నర్ పని చేసే నాన్న, సాయంత్రం సైకిల్ దిగి నూనె చేతులు కడుక్కోగానే స్టీలు టేపుతో ఆ పొట్ట కొలిచి, తలుపు మీద సుద్దతో అంత పొడుగు గీత గీసేవాడు.

"నేనేమన్న లేతు మీద బిగించే ముక్కనా, జర ఇడువు" అని అమ్మ విసుక్కునేది.

దవాఖానాలో డాక్టరమ్మ, బిడ్డ మామూలు కంటే పెద్దగా ఉంది, తీపి తగ్గించు, నొప్పులు మొదలవగానే ఇక్కడికి వచ్చెయ్ అని చెప్పింది. నానమ్మ ఆ మాటల్లోంచి తీపిని గేటు దగ్గరే వదిలేసి, తగ్గించడం ఒక్కటే ఇంటికి తెచ్చుకుంది. వాళ్ళ ఊళ్లో నెలలు నిండిన కోడలి కంచంలోంచి సగం తీసేసేవారట, లోపలున్నవాడు మరీ బలవకుండా. అమ్మ కంచంలోంచీ అలాగే తీసి, ఆ సగాన్ని పారేయలేక నా కంచంలో వేసింది.

"తిను కొడకా. మీ అమ్మ తింటే ఆడు ఇంక పెరుగుతడు. పెరిగితే దవాఖానల పొట్ట కోస్తరు."

నాకు ఎనిమిదేళ్ళు. అమ్మను కోయకుండా కాపాడే పని ఇంత రుచిగా ఉంటుందని ఎవరనుకుంటారు? మామిడికాయ పప్పూ, జొన్నరొట్టెలూ, ఎర్రకారం పూసిన మక్కకంకులూ అన్నీ తిన్నాను. వారం తిరిగేసరికి నా నిక్కరు గుండీలు తెగి ఎదురింటి గోడకు తగిలేవి, అమ్మా నేనూ వీధిలో నడుస్తుంటే నొప్పులు ముందు ఎవరికొస్తాయో అని జనం చూసేవారు. కానీ అమ్మ ముఖం పీక్కుపోతోంది, తలుపు మీది గీతలు మాత్రం రోజూ పొడుగవుతున్నాయి. ఆమె తినకపోతే వాడెలా పెరుగుతున్నాడు? నేను తిన్నది ఏదో దారిన వాడికే చేరుతోందా? నాన్నను అడిగితే, "ఏమో రా, టేపు గట్లనే చెప్తుంది" అన్నాడు.

ఒక రోజు నానమ్మ నాకు సర్వపిండి చేసిపెట్టి, కాన్పు సాఫీగా కావాలని మొక్కడానికి కీసరగుట్టకు పోయింది. గోడకు ఆనుకొని కూర్చున్న అమ్మ చెయ్యి చాపింది.

"జర నాకూ పెట్టు బిడ్డా. కడుపుల మండుతుంది."

పెడితే కోస్తారు. పెట్టకపోతే ఆకలి. కంచం వైపూ పొట్ట వైపూ మార్చి మార్చి చూసి, చివరికి సగం తుంచి పెట్టాను. అమ్మ కళ్ళు మూసుకొని తింది. గంట తిరగకుండానే నొప్పులు మొదలయ్యాయి. నేను మల్లాపూర్ కార్ఖానా గేటు దాకా ఏడ్చుకుంటూ ఉరికాను, నాన్న ఆటోతో వచ్చాడు.

పొట్ట కోయలేదు. తమ్ముడు నాలుగుంబావు కిలోలతో పుట్టాడు. అమ్మ నీరసం చూసి డాక్టరమ్మ, "నేను తీపి తగ్గించమన్న, అన్నం కాదు" అని అందరి ముందూ మందలిస్తే, నానమ్మ తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, "సగం పెడితేనే గింతున్నడు. మొత్తం పెడితే దవాఖాన తలుపు పట్టకపోతుండె" అంది.

ఇప్పుడు ఆ రేకుల ఇల్లు లేదు, దాని మీద అయిదంతస్తులు లేచాయి, కార్ఖానా సైరన్ లేదు, నానమ్మా లేదు. గుండీలూ, టికెట్లూ నేను పెంచి చెప్పినవి. అచ్చంగా కల్పించింది మాత్రం ఒక్కటే: అమ్మకు నేను సగం పెట్టలేదు. కోస్తారన్న భయమో, రుచో, ఇప్పటికీ తెలియదు, గోడ వైపు తిరిగి మొత్తం నేనే తిన్నాను. అమ్మ చెయ్యి కాసేపు అలాగే ఉండి, వెనక్కి పోయింది. సగం పెట్టానన్నది పెద్దయ్యాక నేను కథలో కలుపుకున్న ముక్క.

మొన్న తమ్ముడి కూతురికి అమ్మ ఈ కథ చెబుతుంటే విన్నాను. "ఆ దినం మీ పెదనాయన నాకు సగం తుంచి పెట్టిండు. లేకుంటే నాకు బలం ఏడికెల్లి వస్తుండె?" నా కథ విని విని నమ్మేసిందో, తెలిసే అలా అందో అర్థం కాలేదు. అంటున్నప్పుడు నా వైపు మాత్రం చూడలేదు.