ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది, నా పది వేళ్ళు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, మా హనుమకొండలో వేగానికి నాకు తెలిసిన కొలత ఒక్కటే: నిమిషానికి ఎన్ని మాటలు. సుబేదారిలో మా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే సారుకైతే బస్సు వేగమైనా, వంట వేగమైనా ఆ లెక్కలో చెబితేనే అర్థమయ్యేది. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్టాప్‌వాచ్ ఉండేది. అందుకని వెనకాల ఆయన్ని నిమిషాల సార్ అనుకునేవాళ్ళం (ఎదురుగా అనే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు). ఆయన శిష్యుల్లో అందరికంటే వేగం నాది. ఇంగ్లీషు టైపు హయ్యర్ పరీక్ష ఫస్టు క్లాసులో పాసయ్యాను. కళ్ళు మూసుకుని కొట్టగలను. ఇక ఈ లోకంలో నేను తెలుసుకోవాల్సింది పెద్దగా ఏమీ మిగల్లేదని గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్ల మీద కాస్త అసూయగానే ఉంటుంది.

హయ్యర్ పాసైన సంబరం మా ఇంట్లో మూడు రోజులే సాగింది. చౌరస్తాలో బట్టల దుకాణం మా బాపుది. నాలుగో రోజు అన్నం తింటూ, "నౌకరి దొరికితే పో బిడ్డా. లేకుంటే ఇగ ఇంట్లనే ఉండు. పాసైనంక గుడ పొద్దుగాల్నే పోయి టకటక కొట్టి వచ్చుడెందుకు?" అన్నాడు. కోపంగా అని ఉంటే ఏడ్చి సాధించుకునేదాన్ని. మామూలుగా, పప్పు వడ్డించమన్నంత మామూలుగా అన్నాడు. నాకేమో పొద్దున్నే ఆ గదిలో పన్నెండు టైపు మిషన్లు ఒక్కసారిగా మోగుతుంటే ఉండే సంతోషం ఇంకెక్కడా లేదు. అది పోతుందంటే నిజంగా భయం వేసింది.

సరిగ్గా ఆ వారమే సారుకు కంప్యూటర్ కొనాలని బుద్ధి పుట్టింది. సికింద్రాబాద్ నుంచి ఒకాయన రెండు పాత కంప్యూటర్లు తెచ్చి, రెండు రోజులు చూసుకుని ఒకటి ఉంచుకోండి, రెండోది తీసుకుపోతానని చెప్పి వెళ్ళాడు. పైకి రెండూ ఒకటే: ఒకటే రంగు పెట్టె, ఒకటే బరువు, ఒకటే గుర్రుమనే చప్పుడు. తేడా అంతా లోపలి ప్రాసెసర్‌లో ఉందట. ఒకదాంట్లో ఎనభై ఎనభై ఆరు, రెండో దాంట్లో ఎనభై ఎనభై ఎనిమిది. ఎనిమిది ఉన్నది కొంత చవక. పెద్ద నంబరుది చవకేమిటో, చిన్న నంబరుది ప్రియమేమిటో మాకు అంతుపట్టలేదు. సలహా కోసం సారు ఒక అబ్బాయిని పిలిపించారు. అతను హైదరాబాదులో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి ఖాళీగా ఉన్నాడు. మేమంతా కోర్సన్న అనేవాళ్ళం. వస్తూనే చెప్పులన్నీ బయట విడిపించాడు, దుమ్ము పడితే కంప్యూటర్ పాడవుతుందని. అప్పుడే నాకు అతని మీద సగం గౌరవం కలిగింది.

కోర్సన్న మా మార్కెట్ భాషలోనే చెప్పాడు. "సార్, లోపల పనిచేసేటోడు రెండిట్ల ఒక్కడే. గోదాము దర్వాజ దగ్గరనే ఫరక్. ఎనభై ఆరుకు దర్వాజ వెడల్పు, రెండు బస్తాలు ఒక్కసారే వస్తయ్. ఎనభై ఎనిమిదికి సన్నది, ఒక్కొక్క బస్తనే రావాలె." సారు చాలాసేపు ఆలోచించి, "మరి సన్న దర్వాజకు పెద్ద నంబర్ ఎందుకిచ్చిండ్రు?" అని అడిగారు. అది తర్వాత వచ్చింది కాబట్టి అన్నాడు కోర్సన్న. తర్వాత వచ్చింది ఇంకా మంచిగా ఉండాలి కదా అన్నారు సారు. చవకగా ఉండాలని అట్లా చేశారన్నాడు కోర్సన్న. అతను చెబుతున్నంతసేపూ నాకు అంతా అర్థమైనట్టే ఉండేది, ఆపగానే అంతా పోయేది. చివరికి సారు జేబులోంచి స్టాప్‌వాచ్ తీసి, తనకు తెలిసిన పద్ధతిలోనే తేల్చేద్దామన్నారు: రెండు కంప్యూటర్లు, ఒకటే పాసేజీ, పది నిమిషాలు. కోర్సన్నకు ఎనభై ఆరు నచ్చింది గనుక దాని ముందు అతను, ఎనభై ఎనిమిది ముందు నేను. "ఎవరి మిషన్ గెలుస్తదో, రేపటి సంది వాళ్ళే దాని మీద నేర్పాలె. జీతం గుడ ఇస్త" అన్నారు.

జీతం మాట వినగానే చౌరస్తాకు పరుగెత్తి బాపును పిలుచుకొచ్చాను. దుకాణం మా తమ్ముడికి అప్పగించి వచ్చి, చెప్పులు బయట విడిచి, తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పరీక్షలో చేసినట్టే సారు మా ఇద్దరి చేతుల మీదా దస్తీలు కప్పారు, అక్షరాలు కనబడకూడదని. కోర్సన్న మొహం అప్పుడే పాలిపోయింది. పాపం, అతను రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టేవాడని నాకు ఆ క్షణం దాకా తెలియదు. నాకున్న ఇబ్బంది వేరు. టైపు మిషన్‌కు లాగా వరుస చివర గంట మోగలేదు. అయినా అలవాటు కొద్దీ నా ఎడమ చెయ్యి లేచి, వరుస మార్చడానికి లేని క్యారేజీని తొయ్యబోయి తెర చెంప మీద ఛెళ్ళున కొట్టింది. ప్రతి వరుసకూ కొట్టింది. ఆ చప్పుడు కూడా వేగానికి గుర్తనుకున్నాడో ఏమో, బాపు తల ఊపాడు.

ఐదో నిమిషంలో కాబోలు, ఒక ఆలోచన వచ్చింది. మేమిద్దరం కుర్చీలు మార్చుకుంటే ఎనభై ఆరే గెలుస్తుంది కదా, ఇందులో దర్వాజ సంగతి ఎక్కడుంది? ఆ గందరగోళం మొత్తంలో నాకు స్పష్టంగా తోచింది అదొక్కటే. నోరు తెరిచి చెప్పాల్సింది. తలుపు దగ్గర బాపు కనబడ్డాడు. నా వేళ్ళు ఆగలేదు, నేనూ ఆపలేదు.

సారు తప్పులు తీసేసి లెక్క వేసి బోర్డు మీద రాశారు: ఎనభై ఎనిమిదికి నలభై ఆరు మాటలు, ఎనభై ఆరుకు తొమ్మిది. ఇంత ఫరక్ ఉంటదనుకోలేదన్నారు ఆశ్చర్యంగా. కోర్సన్న ఏదో అనబోయాడు. నావైపు చూశాడు, బాపు వైపు చూశాడు. "సరే సార్" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. బాపు మాత్రం నెల రోజులు దుకాణానికి వచ్చిన వాళ్ళకల్లా, మా బిడ్డది ఎనభై ఎనిమిది నంబర్ కంప్యూటర్ అని చెప్పుకున్నాడు.

గెలిచిన సుఖం ఎలాంటిదో తర్వాత ఆరేళ్ళు అనుభవించాను. విద్యార్థుల పేర్లు అక్షర క్రమంలో పెట్టమని ఎంటర్ కొట్టి, మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ముందేసుకుని గిల్లుకునేదాన్ని. పావుకిలో అయిపోయేది, పేర్లు అయ్యేవి కావు. చచ్చిపోయిందా మేడమ్ అని పిల్లలు అడిగితే, ఆలోచిస్తోందని చెప్పేదాన్ని. సారు స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన నిలబడి, "ఆ రోజు మంచిగనే ఉరికింది గద" అని తల గోక్కునేవారు. నేను తలవంచుకుని చిక్కుడుకాయ గిల్లేదాన్ని.

చాలా ఏళ్ళ తర్వాత హనుమకొండ బస్టాండులో కోర్సన్న కనబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది, బ్యాంకు నౌకరి నుంచి రిటైరయ్యాడట. ఇన్నాళ్ళు మోసిన తప్పు అక్కడే ఒప్పేసుకున్నాను, ఆ రోజు గెలిచింది కంప్యూటర్ కాదని నాకు తెలుసన్నా అని. అతను నవ్వాడు. "ఆ రోజు రెండూ పనే చెయ్యలే చెల్లె. నువ్వు ఒక అక్షరం కొట్టి ఇంకోటి కొట్టేదాక అది వేల లెక్కలు చేసుకోవచ్చు. ఊకెనే నీ కోసం చూసుకుంట కూసున్నది."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీ బాపు అట్ల నిలబడ్డడు గద" అన్నాడు. నేనేదైనా అనేలోపే అతని మరిపెడ బస్సు వచ్చింది.

ఇప్పుడు నేను కూడా ఫోన్‌లో ఒక్క వేలితో వెతుక్కుంటూ కొడుతున్నాను, ఇదంతా అలా కొట్టిందే. నిమిషానికి తొమ్మిది మాటలు దాటవు. వరుస నిండినప్పుడు మాత్రం ఎడమ చెయ్యి ఇంకా కాస్త లేస్తుంది.