టీ పెట్టె మూత మీద ముత్తాత

ఇది మహాగాథ. ఇందులో ప్రపంచయుద్ధం ఉంది, సయాం అడవుల్లో వేసిన రైలు పట్టాలున్నాయి, చావు తప్పి తిరిగొచ్చిన మనుషులున్నారు. ఇలా మొదలుపెట్టాను గానీ, ఎంత సాగదీసినా ఇది ఈ దీవి నగరంలో ఆంగ్ మో కియో అనే పేటలోని మా ఫ్లాట్‌లో, ఫ్రిజ్ పక్క గోడకున్న ఒక చెక్క మీది కుంకుమ తుడవాలా వద్దా అన్న గొడవే.

పోయిన శనివారం ఒక మ్యూజియం నుంచి ఒకమ్మాయి వస్తానంది. యుద్ధమయ్యాక కూలి శిబిరాల నుంచి బతికొచ్చినవాళ్ళు కృతజ్ఞతగా గీసిచ్చిన బొమ్మలతో ప్రదర్శన పెడుతున్నారట. పదకొండింటికి రావలసిన మనిషి కోసం నానమ్మ ఏడింటి నుంచీ హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతూనే ఉంది. నా ఫోను ఆవిడ చేతికిచ్చి ఉంటే ఆ వారానికి సరిపడా నడక నా ఖాతాలో పడేది.

ఆ చెక్క ఒక టీ పెట్టె మూత. నానమ్మ తండ్రి హార్బరు కూలీలుండే లైను ఇళ్ళలో వంటవాడు. యుద్ధంలో సయాం రైలు పనికి తోలుకుపోయిన మన కూలీల్లో మిగిలినవాళ్ళు తిరిగొచ్చి, ఊళ్ళకి వెళ్ళే ఓడ కోసం రేవు దగ్గర ఒక షెడ్డులో కాచుకుని ఉంటే, నెలల తరబడి వాళ్ళకి గంజి కాచి పోశాడు. ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏముంది? వాళ్ళలో ఒకాయన మునుపు బోర్డులు రాసేవాడట. ఓడలకి వేసే రంగు ఎక్కడో సంపాదించి, గరిటె పట్టుకుని కుండ ముందు నిల్చున్న మా ముత్తాత బొమ్మ వేయించి ఇచ్చి వెళ్ళారు. దొరికింది ఒకే డబ్బా కాబట్టి ఆయనా, గంజీ, ఆకాశమూ అన్నీ బూడిద రంగే.

ఆ తర్వాత రెండేళ్ళకి ఆయన పోయాడు. నానమ్మకి అప్పుడు ఆరేళ్ళు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు, కనక ఆ మూతే తండ్రి. ప్రతి శుక్రవారం నుదుట బొట్టు పెట్టేది. బొమ్మ మీద అద్దం బిగించలేదు, కుంకుమ తిన్నగా రంగు మీదే. చూపు బాగున్నన్నాళ్ళు బొట్టు నుదుటి మీద ఆగింది. చూపు మందగించాక కనుబొమల మీదికి, కళ్ళ మీదికి దిగింది. నాకు ఊహ తెలిసేసరికి మీసం నుంచి కిందికి ముత్తాత, పైనంతా ఎర్రటి పెచ్చు. అయినా ఆవిడ మాత్రం, "నేనెటెళ్తే అటే చూస్తాడు మా అయ్య," అనేది.

మ్యూజియం అమ్మాయి చేతులకి గ్లవ్స్ వేసుకుని చాలాసేపు చూసింది. "ఆంటీ, ఈ రెడ్ కొంచెం తుడిచి చూడనా, కెన్?"

"కెనాట్," అంది నానమ్మ. తర్వాత నావైపు తిరిగింది. "ఒరే, కుంకంతో పాటు అయ్య కూడా ఊడొచ్చేస్తే? మళ్ళీ ఎవుడు గీసిస్తాడు?"

"అప్పుడు మూతగా వాడుకోవచ్చులే," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఓడ రంగు నీళ్ళకి పోకపోవచ్చనీ, అయినా మాటివ్వలేననీ చెప్పి ఆ అమ్మాయి సంచి సర్దుకోబోయింది. నానమ్మ వంటింట్లోకి ఇంకో రెండుసార్లు వెళ్ళొచ్చింది. "ఒక్క కన్ను. అంతే. ముందు మకాన్ చెయ్యమను. ఖాళీ కడుపుతో చెయ్యి ఉణుకుతాది."

ఆ అమ్మాయి బుద్ధిగా ఉప్మా తిని, పుల్లకి చుట్టిన దూది తడిపి పని మొదలెట్టింది. నానమ్మ నా మణికట్టు పట్టుకుంది. దూది ఎర్రగా వచ్చింది. మళ్ళీ ఎర్రగా. ఒకసారి బూడిద రంగు అంటినట్టుంటే పట్టు బిగిసింది. అది పాత దుమ్మట. కాసేపటికి కన్ను బయటపడింది. చక్కగా, రెప్ప సగం వాల్చి, కిందికి చూస్తోంది.

నానమ్మ ముఖం దగ్గరగా పెట్టి చూసింది. "నాకేసి కాదా?"

"కుండకేసి," అన్నాను.

"మరి పొంగిపోతే ఆళ్ళకేటి పోస్తాడు," అని, నానమ్మ పొద్దుట్నుంచి మొదటిసారి కుర్చీలో కూర్చుంది. "రెండోది కూడా తుడిచెయ్యమను."

కాలం మనుషుల్ని చెరిపేస్తుందంటారు గానీ, మా ఇంట్లో ఆ పని ఏ కాలమూ చెయ్యలేదు, ప్రతి శుక్రవారం స్నానం చేసి మరీ భక్తిగా మేమే చేసుకున్నాం. రెండో కన్ను మాత్రం ఇంట్లో తుడవరట, చెక్కని మ్యూజియానికి తీసుకెళ్ళాలి. వ్యాను గురువారం రెండింటికీ ఐదింటికీ మధ్య ఎప్పుడైనా రావచ్చు, సంతకం పెట్టడానికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి.